ఓపియాయిడ్ మాత్రలు వాడుతున్నారా? ఊరి నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా ఒకసారి తెరవండి

"నడుం నొప్పికి డాక్టరు నార్కో రాశారు, వేసుకోమంటారా వద్దంటారా?" అని అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. నార్కో ఓపియాయిడ్ మాత్ర, అంటే నల్లమందు జాతికి చెందిన గట్టి నొప్పి మందు. నేను డాక్టర్ని కాను. డిస్క్ సమస్యతో ఇక్కడ డాలస్‌లో ఏళ్ల తరబడి పెయిన్ క్లినిక్‌కి వెళ్తున్న మనిషిని. వేసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టరుతోనే తేల్చుకోండి. మొదలుపెట్టాక ఎలా జాగ్రత్తగా ఉండాలో మాత్రం చెప్పగలను, అందులోనూ మన ఇళ్లలోనే వచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, క్లినిక్‌లో ఇచ్చే కాగితాల్లో అవి కనపడవు.

ముందు ఒక మాట. నెలల తరబడి ఉండే నొప్పికి మొదట ఓపియాయిడ్ కాకుండా వేరే దారులు చూడమనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2018లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, నడుం నొప్పి, మోకాళ్లు, తుంటి అరుగుదల ఉన్న 240 మందిని ఏడాది పాటు చూస్తే ఓపియాయిడ్లు వాడినవాళ్లకి మామూలు మందులు వాడినవాళ్ల కంటే ఎక్కువ మేలేమీ జరగలేదు. అందుకని మొదటి విజిట్‌లోనే చీటీ చేతికొస్తే, ఫిజికల్ థెరపీ సంగతేంటి, నరాల నొప్పికీ వాడే డులోక్సెటిన్ లాంటి మాత్రలు నాకు పనికొస్తాయా, పైపూతగా రాసే డైక్లోఫెనాక్ జెల్ చాలదా అని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. అన్నీ చూశాక కూడా ఓపియాయిడే కావాల్సి వస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పద్ధతిగా వాడుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక అసలు విషయం. ఇబ్బంది చాలాసార్లు ఆ ఒక్క మాత్రతో రాదు, దాని పక్కన మనం డాక్టరుకి చెప్పకుండా వేసుకునే వాటితో వస్తుంది. మనలో ఎవరి సూట్‌కేసులో చూసినా ఒక మందుల డబ్బా ఉంటుంది కదా, డోలో, నిద్ర మాత్రలు, నరాల మాత్రలు, ఇసబ్‌గోల్. డాక్టరు "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "ఏమీ లేవండీ" అనేస్తాం, ఎందుకంటే అవి మన దృష్టిలో మందులే కావు.

డోలో సంగతే చూడండి. నార్కోలో హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్‌తో పాటు 325 మిల్లీగ్రాముల ఎసిటమినోఫెన్ ఉంటుంది, అంటే మన పారాసిటమాలే. పెర్కోసెట్ అనే మరో ఓపియాయిడ్ మాత్ర‌లోనూ అంతే. రోజుకి ఆరు నార్కోలు రాశారనుకోండి, 1950 అయింది. ఒళ్లు వెచ్చగా ఉందని మూడు డోలో 650లు వేస్తే మరో 1950. జలుబని రాత్రికి రెండు నైక్విల్ క్యాప్సూల్స్ మింగితే ఇంకో 650. మొత్తం 4550. పెద్దవాళ్లకి రోజుకి గరిష్ఠంగా చెప్పే 4000 దాటిపోయింది, లివర్ ఉన్నట్టుండి దెబ్బతినేది ఇలాగే. లివర్ సమస్య ఉన్నవాళ్లకీ, మందు తాగే అలవాటు ఉన్నవాళ్లకీ ఆ హద్దు ఇంకా తక్కువ.

నిద్ర మాత్రలు ఇంతకంటే ప్రమాదం. ఆల్‌ప్రాజోలామ్ ఊళ్లో ఇంటింటా ఉంటుంది, అమ్మానాన్నలు వచ్చేటప్పుడు స్ట్రిప్పులు తెస్తారు. ఓపియాయిడ్‌తో కలిస్తే నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. ఈ రెండింటి కలయిక మీద అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక, అంటే మందు కాగితం మీద చుట్టూ గీత గీసి ముద్రించేది, పెట్టించింది. అరికాళ్ల మంటలకీ తిమ్మిర్లకీ వేసుకునే ప్రీగాబాలిన్ కూడా అదే జాబితాలోకి వస్తుంది, 2019లో దాని మీదా హెచ్చరిక వచ్చింది. మన దగ్గర మిథైల్‌కోబాలమిన్‌తో కలిపి అమ్ముతారు కాబట్టి చాలామంది అది బి12 విటమిన్ మాత్ర అనే అనుకుంటారు. గురక పెట్టేవాళ్లూ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లూ ఆ సంగతి కూడా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మందు పార్టీలు అసలే వద్దు.

అల్ట్రాసెట్ కూడా ఓపియాయిడే, అందులో ట్రమడాల్ ఉంది. ఇక్కడ 2014లో, ఇండియాలో 2018లో దాన్ని నియంత్రిత మందుల్లో చేర్చారు. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లకి దీంతో ఫిట్స్, ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మరీ ఎక్కువైపోయే సమస్య రావచ్చు. ఊళ్లో మిగిలిన స్ట్రిప్ ఇక్కడి మాత్రలకి తోడు వేసుకోకండి.

అందుకని తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ఆ డబ్బాని డబ్బాగానే పట్టుకెళ్లండి. స్ట్రిప్పు వెనక ఉండే మందు పేరు ఫార్మసిస్టుకి చూపిస్తే ఐదు నిమిషాల్లో చెప్పేస్తారు, దానికి ఫీజు ఉండదు. పెద్దవాళ్లని తీసుకెళ్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగానే ఏర్పాటు చేయాలి. సలుపా, పోటా, మంటా, తిమ్మిరా అన్నది వాళ్ల నోటి మాటల్లో వస్తేనే డాక్టరుకి నొప్పి ఏ రకమో తెలుస్తుంది, మనం "చాలా నొప్పి" అని కుదించి చెబితే తెలియదు.

ఈ మాత్రలతో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. ఇసబ్‌గోల్ దీనికి సరిపోదు, నీళ్లు తక్కువైతే ఇంకా బిగుసుకుంటుంది. సెన్నా లాంటి విరేచనం మందులు మొదటి రోజు నుంచే వాడాలా అని అడగండి. ఫెంటనిల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే ఓపియాయిడ్ పట్టీ) అంటించుకున్నవాళ్లు మాత్రం దాని మీద వేడినీళ్ల సంచితో కాపడం పెట్టకూడదు, హీటింగ్ ప్యాడ్ కూడా వద్దు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కేస్తుంది. అమ్మమ్మలు ప్రేమతో చేసే పని కాబట్టి ఇంట్లో అందరికీ ముందే చెప్పి పెట్టండి. నెమ్మదిగా పనిచేసేలా తయారైన మాత్రల్ని విరిచి, నూరి ఇవ్వడం కూడా ఇలాంటి ప్రమాదమే.

క్లినిక్‌లో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు: ఒకే డాక్టరు, ఒకే ఫార్మసీ, అప్పుడప్పుడూ మూత్ర పరీక్ష. అవమానంగా అనిపించవచ్చు, కానీ అది అందరికీ ఉండేదే. ఇక్కడ గసగసాల సంగతి గుర్తుంచుకోండి. మసాలా ముద్దలో గసగసాలు వేసిన మటన్ కూర తిన్నాక పరీక్ష చేస్తే మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్లు కనపడే అవకాశం ఉంది. ఈ కారణంగానే 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ సైనికులని గసగసాలకి దూరంగా ఉండమంది. వాడే ఇల్లయితే క్లినిక్‌లో ముందే చెప్పండి, పరీక్ష అయ్యాక చెబితే సాకులా వినిపిస్తుంది. ఈ మందు వాడినన్నాళ్లూ జీడిపప్పు ముద్దతో సరిపెట్టుకోవడం ఇంకా నయం.

స్నేహితుడికి నడుం పట్టేసిందని మీ సీసాలోంచి రెండు మాత్రలు ఇవ్వకండి. మన దగ్గర అది సాయం, ఇక్కడ చట్టం ముందు అది నేరం. హెచ్‌1బీ, ఎఫ్‌1 మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, నియంత్రిత మందుల కేసులో శిక్ష పడితే దేశం వదలాల్సిన పరిస్థితి వస్తుంది. సీసాని తాళం వేసే పెట్టెలో పెట్టండి. మిగిలిపోయినవి ఫార్మసీల్లో ఉండే డబ్బాల్లో వేయొచ్చు, ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ నిర్వహించే టేక్ బ్యాక్ డే రోజున కూడా ఇచ్చేయొచ్చు.

నార్కో లాంటివాటికి రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి. ఇండియా ప్రయాణం ఉంటే నెల ముందే చెప్పండి, మూడు నెలల వరకూ సరిపడేలా విడివిడి ప్రిస్క్రిప్షన్లు రాసే వీలుంది, ఇన్సూరెన్స్‌తో మాత్రం ముందుగా మాట్లాడుకోవాలి. మాత్రలు అసలు సీసాలోనే, డాక్టరు ఉత్తరంతో హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి. మధ్యలో దుబాయ్‌లో దిగి చుట్టాలింటికి వెళ్లే ఆలోచన ఉంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోండి, ట్రమడాల్ దొరికినా అక్కడ కేసే.

నొప్పి తగ్గిందని ఒక్కరోజులో ఆపేయకండి. కొన్ని వారాలు వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, హఠాత్తుగా మానేస్తే చెమటలు, విరేచనాలు, నిద్ర లేకపోవడం, విపరీతమైన టెన్షన్ వస్తాయి. ఏడాదికి పైగా వాడినవాళ్లకి నెలకి 10 శాతం చొప్పున, అంతకంటే నెమ్మదిగా కూడా తగ్గిస్తారు. డోసు మీరే పెంచుకోవాలనిపిస్తున్నా, నొప్పి లేకపోయినా మాత్ర మీదకే మనసు పోతున్నా డాక్టరుకి ఆ మాటే చెప్పండి, దానికి మంచి చికిత్స ఉంది.

చివరగా, ఓపియాయిడ్ ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే దాన్ని తిరగ్గొట్టే నార్కాన్ స్ప్రే ఇంట్లో తప్పకుండా ఉంచండి. 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీల్లో దొరుకుతోంది. మనిషి ఎంత కుదిపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 911కి ఫోన్ చేసి, స్ప్రే ఒక ముక్కు రంధ్రంలో కొట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండోది రెండో ముక్కు రంధ్రంలో కొట్టాలి. స్ప్రే ఇచ్చేది మీరు కాదు, పక్కనున్నవాళ్లు. కాబట్టి ఈ నాలుగు ముక్కలూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్ తలుపుకి అతికించి, ఇంట్లో అమ్మానాన్నలుంటే వాళ్లచేత ఒకసారి చదివించండి.