తక్కువ ఖర్చులో సొంతిల్లు: ఏ ఊరు నయం?

ప్రశ్న: నా వయసు 52. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ కూకట్‌పల్లిలో అద్దెకు ఉంటున్నాను. వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళితే చాలు. చేతిలో 28 లక్షల రూపాయలున్నాయి. మరో 15 లక్షలు బ్యాంకు రుణం తీసుకుని 40 లక్షల్లో ఇల్లు కొనాలనుకుంటున్నాం. హనుమకొండ, నల్లగొండ, కాకినాడల్లో మాకు ఏది మంచిది? భద్రాచలం వైపు ఏజెన్సీ గ్రామంలో అతి తక్కువ ధరకు ఇంటి స్థలం ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి కూడా చెబుతున్నాడు. మాతోపాటు ఉండే మా అమ్మగారికి 78 ఏళ్లు. గుండె జబ్బుకు మందులు వాడుతున్నారు.
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా మధ్యవర్తి చెప్పిన స్థలం సంగతి తేల్చుకుందాం. దయచేసి దాని జోలికి వెళ్లకండి. ఏజెన్సీ అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక చట్టాలున్న షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి స్థిరాస్తిని గిరిజనేతరులు కొనడం 1959 నాటి భూబదలాయింపు నిబంధనల ప్రకారం, వాటిని సవరిస్తూ 1970లో వచ్చిన, అందరూ 1/70 చట్టమని పిలిచే శాసనం ప్రకారం చెల్లదు. అమ్మే వ్యక్తి గిరిజనేతరుడే అయినా చెల్లదు. స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించి ఇస్తామంటారు గానీ, ఆ కాగితం మీకు యాజమాన్య హక్కునివ్వదు, దాని మీద బ్యాంకు అప్పివ్వదు, పైగా మిమ్మల్ని ఖాళీ చేయించే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. ‘అక్కడ అందరూ ఇలాగే కొంటున్నారు’ అన్న మాటను నమ్మకండి. గిరిజనుల భూమి వారి చేతుల్లోంచి జారిపోకూడదనే ఆ చట్టం చేశారు; దానికి తూట్లు పొడిచే బేరంలో మీవంటి వారు భాగస్తులు కాకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక మూడు ఊళ్ల విషయానికొస్తే, ఉద్యోగంలో ఉన్నంతకాలం మీకు కాకినాడ కుదరదు. పెద్దాసుపత్రి, రంగరాయ వైద్య కళాశాల ఉన్న మంచి పట్టణమే అయినా, ప్రధాన రైలు మార్గం సామర్లకోట మీదుగా వెళుతుంది. వారం వారం రాత్రి ప్రయాణం చేసి ఆఫీసుకు రావడం యాభై దాటిన వయసులో ఎంతో కాలం సాగదు. నల్లగొండ దగ్గరే, అక్కడా ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అయితే రైళ్ల సౌకర్యం హనుమకొండను ఆనుకుని ఉన్న కాజీపేట జంక్షన్‌తో పోల్చదగినది కాదు. పైగా ఆ జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాత సమస్య కాబట్టి, బోరు నీటి మీదే ఆధారపడిన కాలనీలో ఇల్లు చూస్తున్నట్లయితే నీటి పరీక్ష చేయించకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

మీ అవసరాలకు హనుమకొండ సరిపోతుందని నాకనిపిస్తోంది. కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు; ఎక్స్‌ప్రెస్ రైలులో రెండు, రెండున్నర గంటల ప్రయాణం. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ వైద్య కళాశాల పక్కనే వరంగల్‌లో ఉన్నాయి. అయినా ఊరు మంచిదైనంత మాత్రాన ప్రతి వీధీ మంచిది కాదు. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ కురిసిన భారీ వర్షాలకు నయీంనగర్ నాలా పరిసరాలు, హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీట మునిగాయి. అటువంటి చోట ఇల్లు చౌకగా వస్తోందంటే కారణం వెతుక్కోవాలి. చూడటానికి వెళ్లినప్పుడు కొత్త రంగులు వేసిన హాలును కాకుండా మెట్ల కింది గోడను, ప్రహరీ లోపలి వైపును చూడండి; నీరు నిలిచిన చారలు అక్కడ కనబడతాయి. నీళ్ల మోటారు వీధిలోని ఇళ్లన్నిటికీ నేల మీద కాకుండా నడుమెత్తున బిగించి ఉంటే, ఎందుకని ఎదురింటివారిని అడగండి. అన్నిటికన్నా క్షేమమైన దారి, ముందు ఆ ఊళ్లో అద్దెకు దిగి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపడం. నీటి ఎద్దడి, ముంపు, ఆటో ఛార్జీలు, అర్ధరాత్రి అమ్మగారికి నలతగా ఉంటే ఆసుపత్రికి ఎంతసేపట్లో చేరగలరన్నది అప్పుడే తెలుస్తాయి.

డబ్బు లెక్కకు వస్తే, 40 లక్షల ఇల్లు మీకు తగదు. తెలంగాణ పట్టణాల్లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షలు. ఇల్లు, ఈ ఖర్చు కలిపితే మీ 28 లక్షలూ, అప్పు తెచ్చే 15 లక్షలూ పైసాతో సహా అయిపోతాయి. ఇంట్లో గుండె జబ్బు మనిషిని పెట్టుకుని చేతిలో రొక్కం లేకుండా ఉండటం సరికాదు. 34 లక్షల్లో చూసుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 2.55 లక్షలు పోగా మీ దగ్గర ఆరు లక్షలకు పైగా మిగులుతాయి. కంతు విషయం కూడా ముందే ఆలోచించుకోండి. 8.5 శాతం వడ్డీకి 15 లక్షలను ఇరవై ఏళ్లలో తీర్చితే నెలకు సుమారు 13,000 రూపాయలు, అరవై ఏళ్లు నిండేలోగా, అంటే ఎనిమిదేళ్లలో తీర్చాలంటే సుమారు 21,600 రూపాయలు కట్టాలి. మీ వయసుకు బ్యాంకు ఎన్నేళ్ల గడువిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బేరానికి కూర్చోండి.

కట్టి పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్యమని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. నిర్మాణంలో ఉన్నదైతే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య చూడండి, ఒప్పందం రిజిస్టరు కాకముందే ధరలో పది శాతానికి మించి అడిగే హక్కు బిల్డరుకు లేదు. పాత ఇల్లయితే ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు తెలిపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నాటి దస్తావేజులు), ఇంటి పన్ను రసీదులు, నిర్మాణ అనుమతి తీసుకుని, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) లేదని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నిర్ధారించుకోండి. అమ్మేవారు జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) మాత్రమే చూపిస్తే, 2011లో సుప్రీంకోర్టు జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని చెప్పిన సంగతి గుర్తు చేసి, అసలు యజమాని స్వయంగా వచ్చి సంతకం చేస్తేనే కొంటామని చెప్పండి. ఈ కాగితాలన్నీ అమ్మేవారికి గానీ మధ్యవర్తికి గానీ సంబంధం లేని, మీరే ఎంచుకున్న న్యాయవాదికి చూపించండి.