టెక్ సందేహాలు: ఫోన్‌ను కొన్నాళ్ళు పక్కన పెట్టాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటి సారం ఒక్కటే కావడంతో వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: పది రోజుల ధ్యాన శిబిరానికి వెళుతున్నాను. చేరిన రోజే ఫోన్ అప్పగించాలి, చివరి రోజున తిరిగి ఇస్తారు. స్విచాఫ్ చేసి ఇచ్చేస్తే సరిపోతుందా, ముందుగా చేసుకోవలసిన పనులేమైనా ఉన్నాయా?

జవాబు: స్విచాఫ్ చేయడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చివరి పని. మాట్లాడుకునే సాధనాన్ని మాత్రమే అప్పగిస్తున్నామని అనుకుంటాం గానీ, నిజానికి బ్యాంకు ఖాతా, ఈమెయిల్, ఆఫీసు లాగిన్ మొదలైన వాటి తాళాల గుత్తిని కూడా దానితోపాటే ఇచ్చేస్తున్నాం. కాబట్టి ఒక వారం ముందే కాగితం, కలం తీసుకుని కూర్చుని, గత నెల రోజుల్లో మీకు వచ్చిన ఓటీపీ సందేశాలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో ఒక్కొక్కటిగా రాసుకోండి. ఏ తలుపులు ఈ ఫోన్‌తో తెరుచుకుంటున్నాయో ఆ జాబితాయే చెబుతుంది. ఆ పది రోజుల్లో గడువు తీరే చెల్లింపులుంటే వెళ్ళే ముందే కట్టేయండి. మీ తరఫున ఇంట్లోవారు కడదామనుకున్నా, ఓటీపీ వెళ్ళేది శిబిరం అలమరలో నిద్రపోతున్న ఫోన్‌కే.

శిబిరం నుంచి బయటకు వచ్చాక ఆ ఫోన్ పాడైనా, పోయినా మీ మెయిల్ మీ చేతిలో ఉండాలంటే, ఫోన్ లేకున్నా లాగిన్ కావడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్‌లు తీసుకోవాలి. గూగుల్ ఖాతాకు రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్ కొట్టాక మరో తనిఖీ) పెట్టుకున్నవారికి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఎనిమిదేసి అంకెల కోడ్‌లు పది దొరుకుతాయి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త జాబితా తీసుకున్న క్షణంలో పాతది చెల్లకుండా పోతుంది. వీటిని స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోన్‌లోనే దాచుకోవడమంటే పెట్టెకు తాళం వేసి తాళంచెవిని లోపలే వదిలేయడం. కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి, రాసేటప్పుడు 1కీ 7కీ తేడా తెలిసేలా రాయండి.

ఇదంతా ఉత్తినే చెప్పడం లేదు. ఒకసారి నేను శని, ఆదివారాలు ఫోన్ ముట్టుకోకూడదని దాన్ని బీరువాలో పెట్టి తలుపు వేశాను. శనివారం మధ్యాహ్నం కంప్యూటర్‌లో మెయిల్ తెరవబోతే, ఇదే సంఖ్యను మీ ఫోన్‌లో నొక్కండి అంటూ తెర మీద 47 ప్రత్యక్షమైంది. బీరువా తీసి ఆ సంఖ్య నొక్కడానికి రెండు సెకన్లు పట్టింది. ఫోన్‌ను మళ్ళీ లోపల పెట్టేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి. బ్యాకప్ కోడ్‌ల కాగితం ఉండి ఉంటే బీరువా జోలికి వెళ్ళే పనే ఉండేది కాదు.

ఇక సందేశాల సంగతి. వాట్సాప్‌లో మీకు చేరని సందేశాలు సర్వర్‌లో 30 రోజుల వరకు ఉంటాయి గనుక పది రోజుల తర్వాత అన్నీ వరుసగా వచ్చి పడతాయి. మామూలు ఎస్ఎంఎస్‌కు ఆ భరోసా లేదు. ఫోన్ అందనప్పుడు నెట్‌వర్క్ దాన్ని కొంతకాలం అట్టిపెట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆపరేటర్ పెట్టుకున్న ఆ గడువు దాటితే సందేశం ఇక రాదు. కనుక ముఖ్యమైనవి ఈమెయిల్‌కు పంపమని సంబంధితులకు ముందే చెప్పండి.

బ్యాటరీని సగం వరకు ఛార్జ్ చేసి ఆపేయండి. లిథియం అయాన్ బ్యాటరీని పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ ఎక్కువ కాలం ఉంచడం దానికి మంచిది కాదు, అయితే పది రోజులకు ఆ తేడా పెద్దగా కనిపించదు. అంతకన్నా ముఖ్యమైనది పిన్. స్విచాఫ్ చేసిన ఫోన్‌ను తిరిగి ఆన్ చేసినప్పుడు అది మొదటిసారి వేలిముద్రను, ముఖాన్ని అంగీకరించదు. పిన్ గానీ పాస్‌వర్డ్ గానీ కొట్టితీరాలి. రోజూ వేలు ఆనించి తెరిచేవారిలో పిన్ మరిచిపోయినవారు నాకు తెలిసే ఇద్దరున్నారు. వెళ్ళే ముందు నాలుగు రోజులు పిన్‌తోనే తెరవడం అలవాటు చేసుకోండి. సిమ్‌కు విడిగా పిన్ పెట్టుకుని ఉంటే అదీ గుర్తుండాలి, ఎందుకంటే మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది, దాన్ని తెరిచే పీయూకే కోడ్ కోసం ఆపరేటర్‌ను ఆశ్రయించక తప్పదు.

ప్రశ్న: స్పీకర్ పాడై ఫోన్‌ను సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. వారం పడుతుందన్నారు. లోపలి ఫొటోలు, సందేశాల గురించి బెంగగా ఉంది. ఈ వారం రోజులు వాట్సాప్ ఎలా?

జవాబు: మీది కొత్త శామ్‌సంగ్ మోడల్ అయితే మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్ అయితే రిపేర్ మోడ్ అనే సదుపాయం సెట్టింగ్స్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఫోన్ అప్పుడే కొన్నదానిలా ఖాళీగా తెరుచుకుంటుంది. మెకానిక్ స్పీకర్, కెమెరా, టచ్ అన్నీ పరీక్షించుకోగలడు గానీ మీ ఫొటోల జోలికి వెళ్ళలేడు. ఆ మోడ్ నుంచి బయటకు రావాలంటే మీ లాక్ కావాలి. పిన్ కాగితం మీద రాసివ్వమని కౌంటర్‌లో అడిగితే ఈ మోడ్ చూపించి, రాసివ్వడానికి ఒప్పుకోకండి. ఇది బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం మాత్రం కాదు. బోర్డు మార్చవలసి వస్తే లోపలిదంతా పోతుంది కాబట్టి బ్యాకప్ తీసి, అది నిజంగా ఉందో లేదో వేరే పరికరంలో తెరిచి చూసుకున్నాకే ఇవ్వండి.

సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకుంటే కాల్స్, ఓటీపీలు అందులోకి వస్తాయి. చాలా దేశాల్లో పాత 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మూతపడుతున్నాయి. అటకమీది ఫోన్ దింపేముందు అది మీ ఆపరేటర్ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో కనుక్కోండి. మీది ఈసిమ్ (ఫోన్‌లోనే అమర్చి ఉండే సిమ్) అయితే తీసి వేరే ఫోన్‌లో వేసే వీలు లేదు. దాన్ని ఆపరేటర్ ద్వారా మార్పించుకోవాలి, ఫోన్ చేతిలో ఉండగానే ఆ పని తేలిక.

వాట్సాప్‌ను కంప్యూటర్‌లో లింక్ చేసుకుని వాడవచ్చు. అసలు ఫోన్ ఆఫ్‌లో ఉన్నా లింక్ చేసిన నాలుగు పరికరాల వరకు పనిచేస్తాయి. అయితే ప్రధాన ఫోన్‌లో 14 రోజులు వాట్సాప్ తెరవకపోతే అవి లాగౌట్ అవుతాయి. వారమన్న రిపేరు మూడు వారాలు సాగడం వింత కాదు గనుక ఇది గుర్తుంచుకోండి. తొందరపడి పాత ఫోన్‌లో అదే నంబరుతో కొత్తగా నమోదు చేసుకుంటే అసలు ఫోన్‌లోని ఖాతా లాగౌట్ అవుతుంది, పాత సంభాషణలు బ్యాకప్ ఉంటేనే వస్తాయి.

ప్రశ్న: వారానికి ఒక రోజు ఫోన్ మానేద్దామనుకుంటున్నాను. అమ్మానాన్నలు వయసు పైబడినవారు, వేరే ఊళ్ళో ఉంటారు. అత్యవసరమైతే వాళ్ళు నన్ను పిలవగలగాలి. ఏరోప్లేన్ మోడ్ పెట్టనా?

జవాబు: వద్దు. ఏరోప్లేన్ మోడ్‌కు అమ్మ కాల్ ఏదో, ప్రకటనల కాల్ ఏదో తెలియదు, అన్నిటినీ ఆపేస్తుంది. మీకు కావలసింది డు నాట్ డిస్టర్బ్, అంటే మీరు ఎంచుకున్నవారివి తప్ప మిగతా కాల్స్ మోగకుండా చూసే సెట్టింగ్. అందులో అమ్మానాన్నల నంబర్లను మినహాయింపుల్లో చేర్చండి. కంగారులో వాళ్ళు పొరుగువారి ఫోన్ నుంచి చేసే అవకాశం ఉంది కాబట్టి, వెంటవెంటనే రెండోసారి చేసినవారి కాల్‌ను మోగనిచ్చే సదుపాయాన్నీ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో రెండో కాల్ 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు రావాలి. ఎత్తకపోతే వెంటనే మళ్ళీ చేయమని వాళ్ళకు చెప్పి, ఆ రోజుకు ముందే ఒకసారి చేయించి చూడండి. అది మోగిందని మీ చెవులతో విన్నాకే ఫోన్‌ను పక్క గదిలో పెట్టండి.

కాల్ ఫార్వర్డింగ్‌తో ఇంటి ల్యాండ్‌లైన్‌కు మళ్ళించుకోవడం మరో దారి. ఈ మళ్ళింపు నెట్‌వర్క్‌లో జరుగుతుంది కాబట్టి మీ ఫోన్ ఆపేసి ఉన్నా పనిచేస్తుంది. మర్నాడు మీరే గుర్తుపెట్టుకుని రద్దు చేయాలి, లేకపోతే కొనసాగుతూనే ఉంటుంది. ఎస్ఎంఎస్‌లు దీంతో మళ్ళవు. అపరిచితులెవరైనా ఫోన్ చేసి నక్షత్రం గుర్తు, అంకెలు కలిసిన కోడ్ ఏదైనా నొక్కమంటే నొక్కకండి. మీ కాల్స్‌ను తమ నంబరుకు మళ్ళించుకోవడానికి మోసగాళ్ళు వాడే పద్ధతి అది.

మొదటి రెండు మూడు వారాలు జేబులో ఏదో కంపించినట్టు అనిపించి చెయ్యి దానంతట అదే వెళుతుంది. జేబులో ఫోన్ లేకపోయినా ఇలా అనిపించడం చాలామందికి ఉన్నదే, కంగారుపడకండి.

ప్రశ్న: ఫోన్ వాడకం తగ్గించడానికి మంచి యాప్ ఏది?

జవాబు: కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ 2018 నుంచీ ఉన్నాయి. యాప్‌కు సమయ పరిమితి పెట్టుకోవచ్చు గానీ, పెట్టిన వేలే దాన్ని తీసేయగలదు. మీకు నేను సిఫారసు చేసే పరికరం అలారం గడియారం. పొద్దున్నే లేవాలనే సాకుతోనే కదా ఫోన్ తలగడ పక్కకు చేరింది! ఆపేసిన ఫోన్‌లో అలారం చాలా మోడళ్ళలో మోగదు కాబట్టి ఆ సాకు ఒట్టిది కూడా కాదు. బ్యాటరీతో నడిచేదే కొనండి, దాన్ని మంచానికి చెయ్యి అందనంత దూరంలో పెట్టండి, ఫోన్ ఛార్జర్‌ను హాల్లోకి మార్చండి.