హెచ్‌ఐవీ అదుపులో ఉంది, మరి షుగర్, గుండె సంగతి?

ప్ర: నాకు 46 ఏళ్లు. హెచ్‌ఐవీ ఉంది. దానికి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో నాలుగేళ్లుగా టీఎల్‌డీ మాత్ర (మూడు మందులు కలిపినది) తీసుకుని వాడుతున్నాను. పరీక్షలో వైరస్ కనిపించడం లేదు. కానీ తొమ్మిది కిలోలు పెరిగాను, పరగడుపు షుగర్ 162 వచ్చింది. మా ఊరి డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ 1000 పూటకొకటి చొప్పున రోజుకు రెండు రాశారు. ఆయనకు హెచ్‌ఐవీ సంగతి చెప్పలేదు. అప్పట్నుంచి విరేచనాలు, వికారం. టీఎల్‌డీ కొన్నాళ్లు ఆపమంటారా?
– పేరు వద్దన్నారు, బాపట్ల జిల్లా

జ: టీఎల్‌డీ ఒక్క రోజు కూడా ఆపొద్దండి. మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలు మామూలుగానే రావచ్చు, మీ విషయంలో దానికి ఇంకో కారణం తోడైంది. టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్, కిడ్నీలు మెట్‌ఫార్మిన్‌ను బయటికి పంపే దారికి అడ్డు పడుతుంది. రక్తంలో ఆ మందు దాదాపు 80 శాతం ఎక్కువ చేరుతుంది. మీరు మింగేది 2000 మిల్లీగ్రాములే, ఒంటికి మాత్రం మూడున్నర వేలు మింగినట్టే. అందుకే డోలుటెగ్రావిర్ వాడేవారికి మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 దాటకూడదు. పొద్దున 500, రాత్రి 500, రెండూ తిన్నాకే. అప్పటికీ షుగర్ దిగకపోతే వేరే రకం మాత్ర కలపాలి. రేపే వెళ్లి మోతాదు మార్పించుకోండి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోండి. డోలుటెగ్రావిర్ మొదలెట్టిన కొత్తలో అది కాస్త పెరిగి ఆగిపోతుంది, దానివల్ల కిడ్నీ చెడదు. ఆగకుండా పెరుగుతున్నా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా అప్పుడు టీఎల్‌డీలోనే ఉండే ఇంకో మందు టెనోఫోవిర్‌ను అనుమానించాలి.

షుగర్ ఎంతుందో తెలుసుకోవడానికి మూడు నెలల సగటు పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది కొన్నిసార్లు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పరగడుపున, తిన్న రెండు గంటలకు చేసే పరీక్షలే నమ్మకం.

బరువు విషయానికొస్తే, డోలుటెగ్రావిర్‌తో కొందరు పెరుగుతారు, నిజమే. అయితే మందు మార్చినంత మాత్రాన ఆ బరువు దిగుతుందన్న భరోసా లేదు. రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి. వారానికి 150 నిమిషాలు, చెమట పట్టేలా నడవండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి నెలకోసారి కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే గుండెకు ముప్పు పెరుగుతున్నట్టే.

డాక్టర్‌కు చెప్పడానికి భయపడుతున్నారు, అర్థం చేసుకోగలం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆయన ఆ విషయం బయటపెట్టకూడదు. అయినా మనసొప్పకపోతే, ఆయన రాసిన ప్రతి చీటీనీ ఏఆర్‌టీ సెంటర్ డాక్టర్‌కు చూపించాకే మందులు కొనండి.

ప్ర: 44 ఏళ్లు. కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది, అయినా హెచ్‌ఐవీ ఉందని స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వాడమంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: చాలామందికి అవసరమే. వైరస్ అణిగి ఉన్నా రక్తనాళాల గోడల్లో సన్నని వాపు కొనసాగుతుంది, కొలెస్ట్రాల్ అంకెలో అది కనిపించదు. మన దేశంతో సహా 12 దేశాల్లో, హెచ్‌ఐవీ ఉండి, గుండె ముప్పు పెద్దగా లేని 40 నుంచి 75 ఏళ్ల వారు 7,769 మందిపై ‘రిప్రీవ్’ అనే పరిశోధన జరిగింది. రోజూ పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ 4 మిల్లీగ్రాములు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఆపదలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది. షుగర్ కొత్తగా వచ్చినవారు కాస్త ఎక్కువే, 4 శాతం బదులు 5.3 శాతం. ఆ నష్టం కంటే లాభమే పెద్దదని మా అభిప్రాయం. గర్భం వచ్చే అవకాశం ఉంటే మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పండి.

ప్ర: 55 ఏళ్లు. హెచ్‌ఐవీకి అటాజనావిర్, రిటోనావిర్ వాడుతున్నాను. మెట్లెక్కితే గుండెల్లో మంట. మందుల షాపులో గ్యాస్ అని ప్యాంటొప్రజోల్ ఇచ్చారు. అటోర్వాస్టాటిన్ 40 కూడా నడుస్తోంది.
– విజయనగరం

జ: అటాజనావిర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ప్యాంటొప్రజోల్ ఆ ఆమ్లాన్నే ఆపేస్తుంది. మందు సరిగా అందక వైరస్ మళ్లీ తలెత్తవచ్చు. ఆ మాత్ర మానేసి, ఇన్నాళ్లు వాడానని సెంటర్‌లో చెప్పండి. రిటోనావిర్ ఉన్నప్పుడు అటోర్వాస్టాటిన్ కూడా రక్తంలో పేరుకుంటుంది, 40 ఎక్కువ. తగ్గించమని అడగండి. సిమ్‌వాస్టాటిన్ అసలు పనికిరాదు, రోసువాస్టాటిన్ అయితే 10 దాటకూడదు. కండరాలు పీకుతున్నా, మూత్రం కోలా రంగులో వచ్చినా స్టాటిన్ ఆపి వెంటనే చూపించుకోండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ మంటే. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే మంటను గ్యాస్ అనుకోకూడదు. ఇవాళే ఈసీజీ తీయించుకోండి. అది మామూలుగా వచ్చినా గుండె డాక్టర్‌ను కలవండి. కూర్చున్నా తగ్గకుండా, చెమటలు పోస్తూ చేతికో దవడకో నొప్పి పాకితే 108కి ఫోన్ చేయండి.