అన్నీ ఒకే వారం పూయాలంటే...

ప్రశ్న: జనవరి ఆఖరి వారంలో జరిగే పూల ప్రదర్శనలో మా కాలనీ ఆడవాళ్లం కలిసి చిన్న తోట ఒకటి పెట్టాలనుకుంటున్నాం. మొక్కలు కొనకుండా మేమే పెంచాలని పంతం. కానీ పోయిన ఏడాది మా డాబా మీద చామంతులు ఏపుగా పెరిగాయే తప్ప సంక్రాంతి దాటినా మొగ్గ తొడగలేదు. బంతి, పెటూనియా, చామంతి మూడూ ఒకే వారం పూయించడం మా వల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు, ఎ.ఎస్.రావు నగర్

జవాబు: ఎందుకు కాదమ్మా! ఇంకా సెప్టెంబరే కదా, కావలసినంత టైముంది. ముందు మీ చామంతుల సంగతి చూద్దాం. డాబా మీదకి వీధిలైటు వెలుతురు పడుతోందా? ఆకు బాగా వచ్చిందంటున్నారు కాబట్టి నా అనుమానం ఎరువు మీద కాదు, ఆ లైటు మీదే. చామంతి మొగ్గ వేయాలంటే పొడుగాటి రాత్రి కావాలి, అదీ చిక్కటి చీకటితో. తెల్లార్లూ ఎల్‌ఈడీ వెలుగుతుంటే దాని లెక్కలో రాత్రి రానట్టే. ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది.

ఈసారి ఆ లైటునే వాడుకోండి. బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు పొలాల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది పూతను కావాలని వెనక్కి నెట్టడానికే. వెలుతురు ఆపాక పువ్వు విచ్చడానికి చాలా రకాలకి 8 నుంచి 10 వారాలు పడుతుంది. కాబట్టి కుండీలను నవంబరు మధ్యదాకా రాత్రిళ్లు ఆ లైటు వెలుతురులోనే ఉంచండి. ఆ తరవాత సగం కుండీలు, ఇంకో వారానికి మిగతా సగం చీకటి వైపుకి మార్చండి. మీ రకం తొందరపడినా, ఆలస్యం చేసినా ఒక జట్టు చేతికి వస్తుంది. చీకటి మూల దొరక్కపోతే సాయంత్రం 6 గంటలకి మందపాటి నల్లగుడ్డ కప్పి పొద్దున్నే తీసేయాలి. ఒక్క రాత్రి కూడా మరిచిపోకూడదు. ఇక చివళ్లు తుంచడం కుండీలను చీకటికి మార్చడానికి రెండు వారాల ముందే ఆపేయండి.

పెటూనియా విత్తనం దుమ్ములా ఉంటుంది. అక్టోబరు మొదట్లోనే సన్నటి ఇసుకతో కలిపి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపిన ట్రేలలో చల్లండి. పైన మట్టి కప్పొద్దు, దానికి వెలుతురు తగలాలి. పైనుంచి నీళ్లు పోస్తే విత్తనాలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి. ట్రేనే నీళ్ల పళ్లెంలో పెడితే అడుగు నుంచి పీల్చుకుంటుంది. నారు మొదళ్లు మెత్తబడి వాలిపోతున్నాయంటే తడి ఎక్కువైందని అర్థం.

బంతితో పెద్ద టెన్షన్ లేదు. ముద్దబంతి నవంబరు మొదట్లో, చిన్న రకాలు నవంబరు ఆఖర్లో వేయండి. వేసేది కూడా వారం ఎడంగా రెండు మూడు విడతలుగా వేయండి.

వంద కుండీలు కావాలంటే నూట యాభై పెంచాలి. ఇందులో మాత్రం పొదుపు పనికిరాదు. జనం ముందు పెట్టదగ్గ మొక్క ప్రతి కుండీలోనూ రాదు. ముందే విచ్చేలా ఉన్నవాటిని చల్లటి నీడకి, వెనకబడ్డవాటిని ఎండలోకి జరిపితే నాలుగైదు రోజులు అటూ ఇటూ సర్దుకోవచ్చు. అంతకుమించి లాగలేం. మీది బోరు నీళ్లయితే కుండీ అంచున తెల్లటి పొర కడుతుందేమో చూడండి. కడితే అప్పుడప్పుడూ మంచినీళ్లు ధారాళంగా పోసి ఆ ఉప్పు కిందికి దిగేలా చేయండి.

నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో పూసిన మొక్కలు కొని తెచ్చి పేర్చేవాళ్లూ ఉంటారు. తప్పేం లేదు గానీ, మీ పంతమే నాకు నచ్చింది.

తీసుకెళ్లేటప్పుడు టాప్ లేని ఆటో ట్రాలీ మాట్లాడుకోకండి. గాలికి పెటూనియా రేకులు చిరిగిపోతాయి. ముందురోజు సాయంత్రమే నీళ్లు పెట్టేయండి. అక్కడ మొక్కల్ని కుండీల్లోంచి తీయనక్కర్లేదు. కుండీలతోనే దించి, అంచులు కనపడకుండా కోకోపీట్ సర్దండి. వాడిపోయిన కుండీని తీసి, ఇంటి దగ్గర మిగిలినవాటిలోంచి ఒకటి తెచ్చి ఆ గుంటలో పెట్టేయొచ్చు.