‘యాంటిగొనీ’లో క్రియాన్‌కు నియంత వేషం వేయాలా? కోరస్ తీసేయొచ్చా?

ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఈ నాటకాన్ని ఇప్పటి ప్రేక్షకులకు దగ్గర చేయడానికి ఈ రెండూ చేయొచ్చా అని అడిగారు. రెండూ వద్దనే అంటాను. కథ ఇది: సొంత ఊరు తీబ్స్‌పైకే దండెత్తి చనిపోయిన యాంటిగొనీ సోదరుణ్ని ద్రోహి అంటూ, అతని శవాన్ని పాతిపెట్టొద్దని రాజు క్రియాన్ ఆజ్ఞాపిస్తాడు. యాంటిగొనీ ఆ ఆజ్ఞ మీరుతుంది, ఆమెను సజీవంగా సమాధి చేయమంటాడు. కోరస్ అంటే ఇదంతా చూస్తూ పాటలతో, మాటలతో స్పందించే బృందం.

క్రియాన్ సైనిక యూనిఫాంలో అడుగుపెట్టగానే ప్రేక్షకుడు తీర్పు చెప్పేస్తాడు. ద్రోహిని సొంత నేలలో పాతిపెట్టనివ్వని కట్టుబాటు ఏథెన్స్‌లోనూ ఉండేది. కాబట్టి క్రీ.పూ. 441 ప్రాంతంలో నాటకం చూసినవాళ్లకు అతని మొదటి ప్రసంగం ఉన్మాదంలా తోచి ఉండదు. అయితే పొలిమేర దాటించి పాతుకోనివ్వడం వేరు, శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేయడం వేరు. క్రియాన్ హద్దు మీరింది అక్కడే. నటుడు ఆ ప్రసంగాన్ని అరవకుండా, యుద్ధం ముగిసిన మర్నాడు ఊరిని నిలబెట్టాలనుకునే పాలకుడిలా చెప్పాలి. ఇంకో కారణం కూడా ఉంది: మూలంలో ఉన్నవి 1353 పంక్తులు, యాంటిగొనీ చివరిసారి వేదిక దిగేది 943 దగ్గర. మిగతా నాలుగు వందల పంక్తులూ క్రియానే మోయాలి. అతను మొదటినుంచీ ఉత్త దుర్మార్గుడైతే చివరి అరగంట చప్పబడిపోతుంది.

స్క్రిప్టు కుదించేటప్పుడు ఒకచోట జాగ్రత్త. ‘ముందు పిల్లను విడిపించు, తర్వాత శవాన్ని పాతిపెట్టు’ అని కోరస్‌లోని పెద్దలు క్రియాన్‌కు చెబుతారు. క్రియాన్ ముందు శవం దగ్గరికే వెళ్తాడు. పెద్దల ఈ మాట, ఏది ముందు ఏది తర్వాత జరిగిందో చివర్లో దూత చెప్పే వరుస, రెండూ ఉండి తీరాలి. ఒకటి పోయినా అతని చేజేతులా జరిగిన ఆలస్యం కనబడదు.

కోరస్‌కు అప్పట్లో పదిహేనుమంది. ఇప్పుడు అయిదుగురు నుంచి ఏడుగురు చాలు. అందరూ కలిసి చెబితే మాటలు అలుక్కుపోతాయి, అందుకే పంక్తులు ఒక్కొక్కరికీ పంచి, చిన్న వాక్యాలు మాత్రం కలిసి చెప్పించండి. ఒకరు ఊపిరి తీస్తే మిగతావాళ్లు దాన్ని అందుకోవాలి. వీళ్లను యాంటిగొనీ తరఫు ప్రజాసమూహంగా మాత్రం మార్చొద్దు. వీళ్లు క్రియాన్ పిలిపించిన తీబ్స్ పెద్దలు. ఆమెపై జాలిపడుతూనే తప్పుపడతారు కాబట్టే ఆమె ఒంటరితనం తెలుస్తుంది.

క్రియాన్ కొడుకు, యాంటిగొనీకి కాబోయే భర్త హేమన్ తండ్రితో మాట్లాడే దృశ్యం వినయంగా మొదలవ్వాలి. తండ్రీకొడుకులు పంక్తికి పంక్తి విసురుకునే చోటికి వచ్చాక మధ్యలో ఊపిరాడనివ్వకూడదు.

దూత చెప్పే యాంటిగొనీ, హేమన్‌ల చావులను వీడియోలో చూపించొద్దు. వింటున్న క్రియాన్ భార్య యూరిడిసీని ప్రేక్షకుల కళ్లెదుట నిలబెట్టండి. ఆమె మారుమాట లేకుండా లోపలికి వెళ్లిపోతుంది, అక్కడ నేపథ్య సంగీతం వాడకండి.

పాటలు కొంత తగ్గిస్తే గంటన్నరలో అయిపోతుంది. విరామం ఇవ్వొద్దు.