టెక్ సందేహాలు: ఒకే క్లాస్‌పై రెండు స్కోప్‌లు

ప్రశ్న: మా జావా సర్వీస్ క్లాస్‌పై @సింగిల్టన్ (అప్లికేషన్ అంతటికీ ఒకే ఆబ్జెక్ట్) ఉండగానే ఇంకొకరు @రిక్వెస్ట్‌స్కోప్డ్ (ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త ఆబ్జెక్ట్) తగిలించారు. కంపైలర్ కిమ్మనలేదు, సర్వర్ మాత్రం మొదలవుతూనే ఆగిపోయింది. ముందే పట్టుకునేదెలా?

జవాబు: ఇదే ఫిర్యాదు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంది. అనోటేషన్ (కోడ్‌పై @తో పెట్టే గుర్తు) ఎక్కడ పెట్టొచ్చు, ఎన్నిసార్లు పెట్టొచ్చు అన్నంతవరకే కంపైలర్ చూస్తుంది. ఫలానా రెండింటికీ పొసగదని దానికి చెప్పే వీలు భాషలో లేదు. సర్వర్ ఆగిపోవడం మీ అదృష్టం. చడీచప్పుడు లేకుండా ఒక స్కోప్‌ను (ఆబ్జెక్ట్ ఎంతకాలం బతకాలో చెప్పే అనోటేషన్‌ను) ఎంచుకునే ఫ్రేమ్‌వర్క్‌లంటే నాకు అస్సలు గిట్టదు. అక్కడ సింగిల్టన్ నెగ్గితే ఒకరి వివరాలు ఫీల్డ్‌లో మిగిలిపోయి తర్వాతి రిక్వెస్ట్‌లో మరొకరికి కనిపిస్తాయి.

సొంత అనోటేషన్ ప్రాసెసర్ (కంపైల్ అయ్యేటప్పుడే అనోటేషన్‌లను పరిశీలించే ప్రోగ్రామ్) రాయండి. సపోర్టెడ్ టైప్ '*' (అంటే అన్నీ) పెట్టి, ప్రతి క్లాస్ మీదా నేరుగా రాసిన అనోటేషన్‌లను తీసుకోండి. ఒక్కోదాని డెఫినిషన్‌పై @స్కోప్ గానీ @నార్మల్‌స్కోప్ గానీ ఉంటే అది స్కోప్ అన్నమాట, లెక్కపెట్టండి. @స్కోప్ ఒక్కటే వెతికితే మీ తప్పే దొరకదు, ఎందుకంటే @రిక్వెస్ట్‌స్కోప్డ్‌పై ఉండేది @నార్మల్‌స్కోప్. లెక్క ఒకటి దాటితే మెసేజర్‌తో (కంపైలర్ ద్వారా సందేశమిచ్చే సాధనంతో) ఎర్రర్ ఇవ్వండి. పేరెంట్ క్లాస్ స్కోప్‌ను కలపొద్దు. సీడీఐలో (ఈ స్కోప్‌లను నడిపే జావా ప్రమాణంలో) చైల్డ్ క్లాస్ దాన్ని మార్చుకోవచ్చు. ప్రాసెస్ మెథడ్ ఫాల్స్ ఇవ్వాలి, లేకుంటే మిగతా ప్రాసెసర్‌లకు పని అందదు. జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) 23 నుంచి ప్రాసెసర్ ఉన్న జార్ ఫైల్ క్లాస్‌పాత్‌లో (కంపైలర్ లైబ్రరీలు వెతికే చోట) ఉన్నంత మాత్రాన అది నడవదు. ప్రాసెసర్‌పాత్ (ప్రాసెసర్‌లను వెతికే చోటు) లాంటి ఆప్షన్ ఏదో ఒకటి విడిగా ఇవ్వకపోతే తనిఖీ జరగకుండానే బిల్డ్ పాసైపోతుంది.

స్కోప్‌ల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేవి భద్రతా అనోటేషన్‌లు. ఒకే మెథడ్‌పై @రోల్స్‌అలౌడ్ (ఫలానా పాత్ర ఉన్నవాళ్లకే అనుమతి), @పర్మిట్‌ఆల్ (అందరికీ అనుమతి) కలిసి ఉండకూడదు, దానికి ఎర్రర్ ఇవ్వండి. క్లాస్‌పై మొదటిది, మెథడ్‌పై రెండోది ఉంటే మాత్రం నియమం ఒప్పుకుంటుంది, మెథడ్‌దే చెల్లుతుంది. అంటే ఆ ఒక్క మెథడ్‌కు తలుపు బార్లా తెరిచినట్టే. దానికి కనీసం వార్నింగైనా రావాలి.

అంతకన్నా ప్రమాదం పాత ఇంపోర్ట్ (అనోటేషన్ ఏ ప్యాకేజీదో కోడ్ పైన చెప్పే వరుస). 2020లో జకార్తా ఈఈ (సర్వర్ అప్లికేషన్‌లకు వాడే జావా ప్రమాణాల సముదాయం) 9తో ప్యాకేజీ పేరు 'జావాఎక్స్' నుంచి 'జకార్తా'కు మారింది. పాత జార్ మిగిలి ఉంటే పాత @రోల్స్‌అలౌడ్ శుభ్రంగా కంపైల్ అవుతుంది, కొత్త సర్వర్ దాని వంక చూడదు. రన్‌టైమ్‌లో ఆ జార్ లేకపోయినా జావా ఫిర్యాదు చేయదు, అనోటేషన్‌ను వదిలేసి ముందుకెళుతుంది. మీ ప్రాసెసర్‌లో ఇలాంటి అనోటేషన్ పాత పేరుతో కనబడగానే బిల్డ్ ఆపేయండి. రక్షణ ఉండాల్సిన ప్రతి యూఆర్‌ఎల్‌నూ లాగిన్ లేకుండా పిలిచే టెస్ట్ కూడా రాయండి. 401 (లాగిన్ కావాలి) గానీ 403 (అనుమతి లేదు) గానీ రాకపోతే ఆ రిలీజ్ బయటికి వెళ్లకూడదు.