స్మార్ట్ మీటరు పెట్టారు, ఇక మోటరు ఎప్పుడు వేయాలి?

మీరు అనంతపురం నుంచి అడిగింది ఇదీ: స్మార్ట్ మీటరు పెట్టిపోయారు, ఇకపై పగలు ఒక రేటు, సాయంత్రం ఒక రేటు అంటున్నారు, సోలార్ లేని మాకు నష్టమా, సోలార్ ఉన్న మా తమ్మునికి లాభమా అని. మాది కడప. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మా అక్కావాళ్లది కర్నూలు, వాళ్లకు సోలార్ లేదు. రెండిళ్ల బిల్లులూ నేనే చూస్తాను కాబట్టి చెప్తున్నా.

2023 జూన్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్లకు రోజులో ఎనిమిది గంటల 'సోలార్ వేళల్లో' రేటు మామూలుకంటే కనీసం 20 శాతం తక్కువ, అందరూ ఎక్కువగా వాడే 'పీక్' వేళల్లో కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలన్నది దాని సారం. ఏ గంటలు, ఎంత రేటు అన్నది తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ). మీ బిల్లులో వేళలవారీగా యూనిట్లు విడిగా కనపడనంతవరకు మీకు నడిచేది శ్లాబు లెక్కే, అంటే నెలలో యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే లెక్క.

ఈ తేడా ఎందుకో మన సీమవాళ్లకు వేరే చెప్పాలా? ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, మీ దగ్గర ఎన్.పి.కుంట, మా దగ్గర మైలవరం. మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లుతుంది. పొద్దుగూకేసరికి అదంతా ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, ఏసీలు మొదలు. ఆ భారం ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ లాంటి బొగ్గు కేంద్రాల మీద పడుతుంది.

పోయిన ఎండాకాలం అక్కావాళ్లింట్లో మీటరు పక్కన కాగితం అంటించి, దారంతో పెన్సిలు కట్టాను. వారం రోజులు పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకు, రాత్రి పదికి బావ రీడింగు రాశాడు. రోజుకు పది యూనిట్లు తేలాయి: పగలు రెండు, సాయంత్రం మూడు, రాత్రి ఐదు. రాత్రి ఐదూ దాదాపు ఏసీవే. మే నెల కర్నూల్లో ఏసీని మధ్యాహ్నానికి జరుపుకోమని ఎవరికి చెప్తాం? సాయంత్రం మూడింటిలో పగటికి జరపగలిగినవి సంపు మోటరు, వాషింగ్ మెషీను, ఇస్త్రీ. అన్నీ కలిపి ఒకటిన్నర యూనిట్, అంటే నెలకు 45.

వాళ్లు నెలకు 300 యూనిట్లు కాలుస్తారు. మన శ్లాబుల్లో 225 దాటాక వచ్చే ఒక్కో యూనిట్ 8.75 రూపాయలు. దానికి పైన చెప్పిన 20, 10 శాతాలు వేసి చూశాను: పగలు 7, పీక్‌లో 9.62. ఆ 45 యూనిట్లూ పగటికి జరిపితే మిగిలేది సుమారు 118 రూపాయలు. అవే 45 యూనిట్లు అసలు కాల్చకపోతే 394 మిగులుతాయి. ఏసీ 22 మీద నుంచి 26కు మార్చి ఫ్యాను తోడు పెట్టుకున్నారు, సాగిపోయిన ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్పించారు. ఆ తగ్గింపు అలాగే వచ్చింది. అందుకే సోలార్ లేని ఇంటికి నేను చెప్పేది: ముందు పై శ్లాబులో పడే యూనిట్లు తగ్గించండి, గంటల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మా ఇంటి కథ వేరు. మాకు ప్యానెళ్లు బిగించినతను 'ఇక బిల్లు సున్నా, ఎంతైనా వాడుకోండి' అన్నాడు. నమ్మి రెండో ఏసీ కొన్నాం. ఏప్రిల్‌లో ప్యానెళ్లు 350 యూనిట్లు ఇస్తే మేం 520 కాల్చాం. మిగిలిన 170 యూనిట్లకు కరెంటు ఛార్జీ 687 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు, ట్రూ అప్ (పాత ఖర్చుల తేడాను తర్వాత వసూలు చేసేది) అదనం. బ్యాంకులో పడిన 78,000 రూపాయల సబ్సిడీ చూసి మురిసిపోయాం గానీ, ఎంత కాలుస్తామో ఎవరమూ లెక్కేయలేదు. ఆ పొరపాటు మీ తమ్ముడు చేయకూడదు.

నెట్ మీటరులో పగలు లైనుకు పంపిన యూనిట్, రాత్రి తీసుకున్న యూనిట్‌తో చెల్లుకు చెల్లు. అలా ఉన్నన్నాళ్లూ బట్టలు పగలు ఉతికినా రాత్రి ఉతికినా ఒకటే. వేళల రేటు వచ్చి, పంపినదానికి పగటి రేటు, తీసుకున్నదానికి పీక్ రేటు కట్టారనుకోండి, రెండూ సమానం కావు. అప్పుడు మధ్యాహ్నం కరెంటును మనమే వాడుకోవడం మేలు. నేను ఇప్పటినుంచే అలవాటు చేసుకున్నా: పన్నెండుకు ఇన్వర్టరు తెర మీద 2 కిలోవాట్లు దాటగానే మోటరు వేస్తా, అది ఆగాక వాషింగ్ మెషీను. ఇంట్లో ఎవరూ లేని రోజు మోటరుకు టైమరు పెడతా.

మీ తమ్ముణ్ని నెట్ మీటరు ఒప్పందం కాగితం బయటికి తీయమనండి. యూనిట్‌కు యూనిట్ చెల్లా, వేళలవారీ చెల్లా, మిగులు యూనిట్లను ఏ నెలలో తేలుస్తారు, ఈ మూడూ అందులో చూసుకొని తర్వాతే ఇంకో ఏసీ సంగతి ఆలోచించమనండి.